రాయి అని చెప్పింది నేనే

సాయంత్రం పూట మా అరుగు మీద కాఫీకి చేరేవాళ్లకి నేనొక కథ చెబుతుంటాను. గల్ఫ్ యుద్ధం రోజుల్లో, రియాద్‌లో, ఒక తెలంగాణ మేస్త్రి కోసం మా కంపెనీ ముదీరు ఎదుట, అంటే మేనేజరు ఎదుట, అరగంట సేపు అరబ్బీలో వాదించానని. మనిషి మనసులోకి తొంగిచూసే హక్కు ఎవరికీ లేదన్నానని. అది విని ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడని. కాఫీ బాగా కుదిరిన రోజున ఆయన అద్దాలతో ఆగడు, కళ్లు కూడా తుడుచుకుంటాడు.

నాకు వచ్చిన అరబ్బీ మొత్తం కలిపి డెబ్బై మాటలు. నేను స్టోర్ కీపర్ని గనక అందులో సగం సామాన్ల పేర్లే. గొట్టం, మేకు, సిమెంటు, రాయి, రంగు డబ్బా. వీటితో అరగంట వాదించడం ఎవరి వల్లా కాదు. ఆ రోజు ముదీరు గదిలో నేను పలికింది ఒకే ఒక్క మాట. కథలో నిజం అదే, మిగతాది కాఫీ.

నేను దేవుడు లేడన్నవాణ్ణి, ఇప్పటికీ అంటాను. గల్ఫుకి వెళ్లకముందు కృష్ణ ఒడ్డున మా హేతువాద మిత్రులతో ఊరూరా తిరిగేవాణ్ణి. నీళ్లతో దీపం వెలిగించే బాబాల గుట్టు విప్పేవాళ్లం. పన్నెండు ఊళ్లలో నిప్పుల మీద నడిచానని రాద్దామని చెయ్యి ఊరుకోవడం లేదు. నడిచింది ఒక్క ఊళ్లో, ఒక్కసారి. అదీ సగం దాకా. అక్కడ పక్కకి దూకాను. నిప్పుల మీద నడవడంలో మహిమేమీ లేదు, వేగం ఉంటే చాలు అని అంతకుముందే మైకులో చెప్పి ఉన్నాను కాబట్టి, దూకడం కూడా వేగమేనని మావాళ్లు జనానికి సర్దిచెప్పారు.

రియాద్‌లో దిగాక ఇకామా కోసం కాగితం నింపాలి. ఇకామా అంటే అక్కడ ఉండనిచ్చే చిన్న పుస్తకం. ఆ కాగితంలో మతం అని ఒక గడి ఉంటుంది. అందులో 'లేదు' అని రాశానని నేను చాలామందికి చెప్పుకున్నాను. రాయలేదు. ఆ గడిలో తెలివి చూపించొద్దని బొంబాయిలో ఏజెంటు చెప్పే పంపాడు. హిందూ అని గుండ్రంగా, మంచి దస్తూరీతో రాశాను. ముస్లింలకి ఆకుపచ్చ పుస్తకం, మిగతా అందరికీ గోధుమరంగుది. నమ్మేవాడికీ నమ్మనివాడికీ ఒకటే రంగు అట్ట. దేవుడు లేడనే మాటని కూడా అక్కడ పెట్టెలో దాచుకోవలసిందే.

మేస్త్రి జగిత్యాల వైపు మనిషి. నాకంటే ఆరేళ్లు పెద్ద. అయినా నేను ఆయన్ని నువ్వు అనేవాణ్ణి, ఆయన నన్ను సారూ అనేవాడు. చదువుకున్నవాడికీ తాపీ పట్టినవాడికీ మధ్య అది మామూలే అనుకునే రోజులు. గోడ కట్టడంలో ఆయన చేతికి సాటి లేదు. రసమట్టం పెట్టి చూస్తే గాజులో బుడగ నడుమ గీతల మధ్య నిలబడిపోయేది. క్యాంపులో ఆయన ముందు ఒకే ఒక పని ఉండేది. తమ్ముణ్ణి తెచ్చుకోవడం. మేస్త్రి మాట మీదే కంపెనీ ఆ తమ్ముడికి వీసా ఇస్తానంది. తమ్ముడు బొంబాయిలో ఏజెంటు గదిలో కూర్చుని ఉన్నాడు. యుద్ధం వచ్చి విమానాలు ఆగిపోయాయి. ఎప్పుడు మొదలైతే అప్పుడు వాడు ఎక్కుతాడు. మేస్త్రి పనిలో ఉంటేనే ఎక్కుతాడు.

యుద్ధం మొదలైన వారం నీళ్ల ట్యాంకు కోసం గుంత తవ్వుతుంటే ఆ రాయి దొరికింది. కోడిగుడ్డు ఆకారంలో, నల్లగా, రెండు చేతుల్లో ఇమిడేంత. ఎడారిలో అంత నున్నటి రాయి అరుదే. మేస్త్రి పార ఆపించి, గుంతలోకి దిగి దాన్ని పైకి తీశాడు. మూడో రోజుకి అది పోచమ్మ అయింది.

ఎలా అయిందో నేను చూశాను. వంటగదిలో పసుపు ఉండనే ఉంది. కుంకుమ లేదు. పసుపులో తడిసున్నం కలిపితే ఎర్రగా తిరుగుతుంది, దాన్ని ఎండబెట్టి నూరుకున్నాడు. కళ్లకి సిగరెట్టు పెట్టెలోని వెండి కాగితం కత్తిరించాడు. టైల్సు వచ్చిన చెక్కపెట్టెను ట్యాంకు వెనకాల నిలువుగా పెట్టి, లోపల సిమెంటుతో చిన్న గద్దె కట్టి, దానికీ రసమట్టం పెట్టి చూశాడు. ఊళ్లో పోచమ్మకి ఆదివారం బోనం వండుతారట. ఇక్కడ సెలవు శుక్రవారం. అమ్మ కూడా శుక్రవారానికి మారింది. ఆ రోజు పెట్టె ముఖం ఇటు తిప్పేవాళ్లు, మిగతా రోజుల్లో గోడవైపు తిప్పి ఉంచేవాళ్లు.

ఇప్పుడెందుకు మేస్త్రీ ఇదంతా, ఈ దేశంలో విగ్రహపూజ నేరం, పట్టుబడితే ఏమవుతుందో తెలుసా అన్నాను. ఆయన ఆకాశం వైపు గడ్డం ఎత్తి చూపించాడు.

"గిది గూడ గత్తరే సారూ. గప్పుడు నీళ్లల్లకెల్లొస్తుండె, గిప్పుడు మీదికెల్లొస్తున్నది. గత్తరొస్తె పొలిమేరల అమ్మ ఉండాలె గద."

గత్తర అంటే కలరా. కలరాకి, ఇరాక్ మా మీదికి వదులుతున్న క్షిపణికి తేడా ఏమిటో వివరంగా చెప్పాను. శాస్త్రీయ దృక్పథం అన్నాను. అది రాయి, దాన్ని తవ్విన పారకి ఎంత శక్తి ఉందో దానికీ అంతే అన్నాను. క్యాంపులో పది పన్నెండు మంది కరీంనగర్, నిజామాబాద్ వాళ్లు ఉండేవాళ్లు. అందరూ నోరు మూసుకుని విన్నారు. అందరి తరఫునా మేస్త్రి జవాబిచ్చాడు.

"నువ్వనేది నువ్వను, మేం మొక్కేది మేం మొక్కుతం. బువ్వ తినిపో."

తిన్నాను. బెల్లం అన్నం. ఆ తర్వాత ప్రతి శుక్రవారం వెళ్లి ముందు రాయి గురించి ఉపన్యాసం చెప్పి, ఆ తర్వాత బెల్లం అన్నం తినేవాణ్ణి. ఒక వారం ఉపన్యాసం మర్చిపోతే వాళ్లే గుర్తుచేశారు.

వేపాకు తెచ్చిపెట్టేది కంపెనీ బస్సు నడిపే పాకిస్తానీ డ్రైవరు. రియాద్ రోడ్ల పక్కన అక్కడక్కడ వేపచెట్లు నాటారు. బస్సు ఆపి కొమ్మలు విరవగలిగేది అతనొక్కడే. అయిదు పూటలా నమాజు తప్పని మనిషి. కొమ్మలు మేస్త్రి చేతిలో పెట్టే ముందు ప్రతిసారీ ఒకే ప్రశ్న అడిగేవాడు: "మిస్వాక్ కే లియే హై నా?" పళ్లు తోముకోవడానికే కదా, అని. మేస్త్రి "హా భాయ్" అనేవాడు. అప్పుడు ఇచ్చేవాడు. కట్టెడు కొమ్మలు, ఆకులతో సహా, పన్నెండు మంది పళ్లకి. అతనికి తెలియదని నేను అనుకునేవాణ్ణి. తెలిసే అడుగుతున్నాడని, ఆ జవాబు తనకి కావాలి గనక అడుగుతున్నాడని అర్థం కావడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది. మతసహనం మీద నేను మూడు వ్యాసాలు రాశాను. అతను ఒక్కటీ రాయలేదు.

ఇక తెల్లాయన. మా కంపెనీలో ఏసీల ఇంజనీరు. యూరప్‌లో పై కొసన, ఆరు నెలలు చలిలో ఉండే దేశం. ఆయన పుస్తకంలో క్రైస్తవుడని ఉంది. ఒకరోజు స్టోరులో ఫిల్టర్లు లెక్కచూస్తుండగా, నాకు దేవుడి మీద నమ్మకం లేదని గొంతు తగ్గించి ఆయనతో చెప్పాను. తెల్లవాడి దగ్గర అది గొప్పగా ఉంటుందని. ఆయన ఇంకా గొంతు తగ్గించి, తాను క్రైస్తవుణ్ణి కానన్నాడు. చర్చి రాకముందు తమ దేశంలో ఉరుముకి, చెట్టుకి, సముద్రానికి దేవతలు ఉండేవారట. వెయ్యేళ్ల కిందట ఆ కొలుపులు ఆగిపోయాయట. ఇప్పుడు కొందరు పాత పుస్తకాలు వెతికి, ఆ దేవతల్ని మళ్లీ పిలుచుకుంటున్నారట. ఏడాదిలో అతి చిన్న పగలు వచ్చే రోజున అడవిలో కలిసి, కొమ్ము పాత్రలో బీరు పోసి, సగం నేలకి ఇచ్చి సగం తాగుతారట. ఇక్కడ బీరు దొరకదు కాబట్టి యుద్ధానికి ముందు డిసెంబరులో క్యాంపు వెనక్కి వెళ్లి, ఇసుకలో ఒక ప్యాకెట్ లబన్ పోసి వచ్చాడట. లబన్ అంటే మన చిక్కటి మజ్జిగే.

నేను నవ్వానా? లేదు. అదే నన్ను ఇప్పటికీ పీకే సంగతి. నేను తలాడించాను. ప్రకృతిని గౌరవించడం కదా అన్నాను. మతపెద్దల పెత్తనం మీద తిరుగుబాటు కదా అన్నాను. ఉరుముని దేవుడన్నవాడి ముందు చేతులు కట్టుకుని, ఎంత లోతైన ఆలోచనండీ అన్నాను. గత్తరకి అమ్మ అన్న మేస్త్రికి మాత్రం అదే వారం రెండోసారి పార కథ చెప్పాను. ఇద్దరూ చేసింది ఒకటే. ఒకరిది నేను ఇంగ్లీషులో విన్నాను.

మీవాళ్లు అదృష్టవంతులు, మీకు తెగిపోలేదు, అన్నాడు తెల్లాయన. అంతటితో ఊరుకోవచ్చు కదా. మా క్యాంపులోనే ఒక దేవత ఉంది, చూపిస్తాను రండి అన్నాను. అది నా దేవత అయినట్టు.

యుద్ధం ఆగిపోయిన మొదటి శుక్రవారం ఆయన్ని ట్యాంకు వెనక్కి తీసుకెళ్లాను. మేస్త్రి కొత్త చుట్టాన్ని చూసినట్టు చూసి, బకెట్టు బోర్లించి కూర్చోమన్నాడు. తెల్లాయన కూర్చోకుండా పెట్టె ముందు మోకాళ్ల మీద వంగాడు. ఆయన ఎవరో, ఏం కొలుస్తాడో నేను తెలుగు చేసి చెప్పాను. మేస్త్రికి నా అనువాదం చాలా సాధారణంగా అనిపించినట్టుంది. అందులో ఆయనకి వింత ఏమీ కనబడలేదు.

"యాటను గోస్తరా?" అని అడిగాడు.

మేకని కోయరట, బీరు పోస్తారట అని చెప్పాను.

"మేం కల్లు సాక వోస్తం. ఒక్కటే గద." మళ్లీ అడిగాడు. "వెయ్యేండ్ల సంది ఎవ్వలు సాక వొయ్యలేదా ఆయన దేవతకు? పాపం, ఎంత ఆకలి మీదున్నదో."

అది ఇంగ్లీషు చేసి చెప్పాను. తెల్లాయన సంచీలోంచి కెమెరా తీశాడు. మేస్త్రి చెయ్యి అడ్డం పెట్టలేదు కానీ నా వైపు చూశాడు. ఫోటో ఎందుకు సారూ, అన్నాడు మెల్లగా.

"ఏం కాదులే మేస్త్రీ, నేనున్నాగా" అన్నాను.

నేనున్నాగా. ఈ మాట నేను జీవితంలో చాలామందికి చెప్పాను. నమ్మినవాళ్లలో బాగుపడినవాళ్లు నాకు గుర్తు రావడం లేదు.

ఇక్కడి నుంచి అరుగు మీద చెప్పే కథలో తెల్లాయన రీలు కడిగించడానికి బతా వెళ్తాడు. బతా రియాద్‌లో మన దుకాణాలు, మెస్సులు ఉండే పేట, శుక్రవారం కాలు పెట్టడానికి చోటు ఉండదు. కథలో తెల్లాయన ఆ జనంలో తిరిగి, చెక్‌పోస్టులో పట్టుబడతాడు. తెల్లవాళ్లకి జాగ్రత్త తెలియదు అని నేను ముక్తాయింపు ఇస్తాను. వింటున్నవాళ్లు అవునవునంటారు.

రీలు పట్టుకెళ్లింది నేను. ఎలాగూ వెళ్తున్నాను కదా, ఇవ్వండి అని అడిగి మరీ తీసుకున్నాను. స్టూడియో అతనికి ఇచ్చి, అన్నీ ఒక్కోటి వేయమని, ఆ రాయి బొమ్మ మాత్రం రెండు వేయమన్నాను. ఒకటి తెల్లాయనకి. రెండోది నాకు. మా హేతువాద మాసపత్రికకి పంపుదామని. గల్ఫులో కూడా మన కూలీలు మూఢనమ్మకాలు మోసుకు తిరుగుతున్నారని వ్యాసం అప్పటికే సగం రాసి ఉంచాను. దానికి బొమ్మ ఉంటే బాగుంటుందనిపించింది. వాళ్ల బెల్లం అన్నం తింటూ రాసిన వ్యాసం.

తిరిగి వచ్చేటప్పుడు చెక్‌పోస్టులో బస్సు ఆపారు. యుద్ధం అయిపోయినా తనిఖీలు పోలేదు. రోడ్డు మీద సైన్యం లారీల్ని ఎవరైనా ఫోటో తీశారేమోనని వాళ్ల అనుమానం. ఒక సైనికుడు ఎక్కి, సంచీలు చూస్తూ వచ్చి, నా ఒళ్లో ఉన్న స్టూడియో కవరు తెరిచాడు. సూర్యోదయాలు, ఏసీ డబ్బాలు, మళ్లీ సూర్యోదయాలు. లారీలు లేవు. విసుగ్గా తిప్పుతూ తిప్పుతూ ఒకచోట ఆగాడు. పసుపు, కుంకుమ, వెండి కళ్లు. దాని కింద మళ్లీ అదే బొమ్మ. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూశాడు.

ఎవరిది, అని అడిగాడు.

నాది కాదన్నాను. అది నిజమే. కెమెరా ఎవరిదంటే ఇంజనీరుదన్నాను. అదీ నిజమే. ఈ రాయి ఎవరిదన్నాడు. బస్సులో అందరూ కిటికీల్లోంచి బయటికి చూస్తున్నారు. నాకు తెలియదు అనే మాట ఆ డెబ్బైలో ఉంది. దారిలో దొరికిన బొమ్మ అనొచ్చు. మా దేశం నుంచి వచ్చిన ఫోటో అనొచ్చు. సామాన్ల భాషలో చెప్పినా నడిచేవి. కానీ అరబ్బీలో మేస్త్రి అనే మాట కూడా నాకు వచ్చు. అదే నోట్లోంచి వచ్చింది.

అతను నన్ను కొట్టలేదు, గట్టిగా కూడా అనలేదు. నా ఇకామాలోంచి కంపెనీ పేరు రాసుకుని, కవరు ఉంచుకుని, దిగిపోయాడు. డ్రైవరు అద్దంలోంచి నన్ను ఒక్కసారి చూసి బస్సు కదిలించాడు. క్యాంపు దాకా మళ్లీ చూడలేదు.

రెండు రోజులకి ముదీరు గదికి పిలుపు వచ్చింది. ఈలోపు ఆ పెట్టెని తీసేయమని మేస్త్రికి చెప్పే టైము నాకు ఉంది. చెబితే ఎందుకో చెప్పాలి. ఎందుకో చెబితే ఎవరు చెప్పారో చెప్పాలి. కాబట్టి, ఏమీ కాదులే, వాళ్లకి సవాలక్ష పనులు అని నాకు నేనే నచ్చజెప్పుకున్నాను. ఆ రెండు రోజులూ భోజనానికి ఆలస్యంగా వెళ్లాను.

గదిలోకి వెళ్లేసరికి ముదీరు బల్ల మీద కవరు, ఒక కాగితం, చెక్కపెట్టె. పెట్టెలో అమ్మ. మేస్త్రి కాళ్లకి తడి సిమెంటుతో పక్కన నిలబడి ఉన్నాడు. తెల్లాయన్ని మాకంటే ముందే పిలిచి పంపేశారు. ఇది సంస్కృతి, వారసత్వం అని ఆయన ఏదో చెప్పాడట. కెమెరా తీసేసుకుని ఆయన్ని వెళ్లమన్నారట. తన దేవతల గురించి ఆయన ఏమీ చెప్పలేదు. ఆయన్ని తప్పుపట్టను, నేను మాత్రం నా నాస్తికత్వం గురించి చెప్పానా.

ముదీరు చెడ్డవాడు కాదు. రంజాన్‌లో మాకు కూడా పని గంటలు తగ్గించిన మనిషి. పైనుంచి కాగితం వచ్చింది, దానికి జవాబు రాయాలి. ఆయన ఎలాగైనా దాన్ని చిన్నది చేసి పంపేయాలని చూస్తున్నాడని నాకు తెలుస్తూనే ఉంది. పెట్టె వైపు కలం చూపించి నన్ను అడిగాడు, ఇది ఏమిటి?

"హజర్" అన్నాను.

రాయి. నా జీవితమంతా నేను చెప్పిందే, మొదటిసారి ఒకరికి పనికొచ్చేలా చెప్పాను. ముదీరు ముఖం తేటపడింది. ఇంగ్లీషులో గబగబా చెప్పుకుపోయాడు. మంచిది, రాయే. పనివాళ్లు తవ్వుతుంటే దొరికింది, ఆటకి రంగు పూశారు. ఇప్పుడు ఇతను తన చేత్తో తీసుకెళ్లి బయట రాళ్లకుప్పలో పారేసి వస్తాడు. నేను చూశానని రాస్తాను. అయిపోయింది, వెళ్లి పని చూసుకోండి.

మేస్త్రికి తెలుగులో చెప్పాను. ఇంత తేలిగ్గా బయటపడతామనుకోలేదు, నాకు ఊపిరి వచ్చింది. "ఏం లేదు మేస్త్రీ. రాయి అని ఒప్పేసుకుని కుప్పలో పడేసి రా. తర్వాత ఇంకోటి పెట్టుకుందువు గాని, రాళ్లకేం కరువు."

"ఇంకోటి ఎట్ల వెట్టుకుంట సారూ. అమ్మా అని పిలిసిన."

"పిలిస్తే పిలిచావు. తమ్ముడు బొంబాయిలో కూర్చున్నాడు, గుర్తుందా?"

"ఎరికె."

"మరి?"

ఆయన నా ముఖంలోకి చూశాడు. కోపం లేదు. కోపం ఉంటే నేను ఈపాటికి మర్చిపోయి ఉండేవాణ్ణి.

"ఇన్ని శుక్రారాల సంది రాయే అన్నవు. నేనెన్నడన్న నీతోని కొట్లాడిన్నా? నువ్వను సారూ. నాతోని అనిపియ్యకు."

ఏమంటున్నాడు, అన్నాడు ముదీరు. పారేసి వస్తానంటున్నాడు అని చెప్పాను. అనువాదంలో నేను చేసిన ఒకే ఒక సాహసం అది. ముదీరు తలూపి తలుపు వైపు చెయ్యి చూపించాడు. మేస్త్రి ముందుకి వచ్చి పెట్టెలోంచి రాయిని రెండు చేతులతో తీసి పొట్టకి ఆనించి పట్టుకున్నాడు. పసుపు చొక్కాకి అంటింది. వెళ్తాడనే అనుకున్నాను. తలుపు అయిదడుగుల దూరంలో ఉంది. ఆయన తలుపు వైపు తిరగలేదు, ముదీరు వైపు తిరిగాడు. పనిలో ఉన్నవాళ్లందరికీ రాయి, ఇటుక, ఉంది, లేదు అనే మాటలు వచ్చు. నా డెబ్బై అక్కర్లేదు.

"ముదీర్" అన్నాడు. "హాదా మాఫీ హజర్."

ఇది రాయి కాదు. అంతే.

ముదీరు కళ్లద్దాలు తీసిన మాట నిజం. తుడుచుకోలేదు. బల్ల మీద పెట్టి, కాగితం వైపు చూస్తూ కూర్చున్నాడు. ఆ తర్వాత నన్ను అడిగాడు, నువ్వు రాయన్నావు, ఆయన కాదన్నాడు, నేను ఎవరి మాట రాయాలి?

నా మాట రాయండి అంటే మేస్త్రిని అబద్ధాలకోరుని చేయాలి. ఆయన మాట రాయండి అంటే ఆయన్ని దేశం నుంచి పంపేస్తారు. మతం, మనసు, హక్కు అనే మాటలు అరబ్బీలో నాకు రావు. తెలుగులో వచ్చినవి కూడా ఆ పూట ఒక్కటీ ముందుకి రాలేదు. నేను నేల చూశాను. నేల మీద మేస్త్రి పాదాల దగ్గర తడి సిమెంటు ఆరిపోతూ ఉంది. ముదీరు కలం తీసి రాశాడు.

రాయిని మేస్త్రి చేతుల్లోంచి ఎవరూ లాక్కోలేదు. ఆయనే దాన్ని మళ్లీ పెట్టెలో పెట్టి, ముఖం గోడవైపు తిప్పి, బయటికి నడిచాడు.

దాన్ని నేను రహస్యంగా తెచ్చి మా ఇంటి అద్దాల బీరువాలో పెట్టానని చూసినవాళ్లు చెబుతారు. చూపించింది నేనే. అది కృష్ణ రేవులో ఏరుకున్న రాయి. అసలుది ఏమైందో నాకు తెలియదు. మర్నాడు ముదీరు బల్ల మీద పెట్టె లేదు. అడగలేదు.

మేస్త్రికి ఎగ్జిట్ వేశారు, మళ్లీ రావడానికి వీల్లేని ఎగ్జిట్. వారంలో విమానం. ఎంబసీకి ఉత్తరం రాస్తే ఏమైనా అవుతుందా అని తెల్లాయన నన్ను అడిగాడు. రాస్తాను అన్నాను. రెండు పంక్తులు రాశాను కూడా. మూడో పంక్తిలో ఫోటో ఎవరి దగ్గర దొరికిందో రాయవలసి వచ్చింది. అక్కడ ఆగాను. తమ్ముడి వీసా కూడా దానంతటదే పోయింది. అది ఎవరూ రద్దు చేయనక్కర్లేకపోయింది, మేస్త్రి పేరు కొట్టేస్తే దాని కింద ఉన్నది కూడా పోతుంది.

మేస్త్రి వెళ్లే రోజు పొద్దున్నే ఆయన గదికి వెళ్లాను. మంచం మీద పరుపు లేదు. కింద కూర్చుని అట్టపెట్టెకి తాడు కడుతున్నాడు. మిగతావాళ్లంతా పనికి వెళ్లిపోయారు. ఏం చెప్పాలో రాత్రంతా కుదుర్చుకుని వచ్చాను. ముందు తమ్ముడి సంగతి అడిగాను.

"ఇంటికి వోతడు. ఏం జేస్తం."

ఇక ఆపుకోలేక అనేశాను. "మేస్త్రీ, ఆ ఫోటోలు కడిగించింది నేను. బస్సులో నీ సంగతి చెప్పింది కూడా…"

"ఎరికె సారూ. గా దినమే డ్రైవర్ భాయ్ జెప్పిండు."

అంటే ముదీరు గదిలో నా ముఖంలోకి చూసినప్పుడు ఆయనకి తెలుసు. ఎన్నడైనా కొట్లాడానా అని అడిగినప్పుడు తెలుసు. తెలిసీ ఆ రెండు రోజులూ పెట్టెని ట్యాంకు వెనకే ఉంచాడు. నిలబడే ఉన్నాను. ఆయన తాడుని పెట్టె చుట్టూ రెండోసారి తిప్పి, పైన మడత వేసి, అది జారిపోకుండా గోటితో నొక్కిపట్టి తలెత్తాడు.

"జెర ఈడ ఏలు వెట్టు."

కూర్చుని, ఆయన చూపించిన చోట వేలు పెట్టాను. ముడి గట్టిగా లాగాడు. తాడు నా వేలి మీద బిగుసుకుంది.

"ఇగ తియ్యి" అన్నాడు.